త్రిభుజముపై త్రిభుజము

పాఠశాలలో రేఖాగణితము చదివిన వారందరికిని ఒక పుట జ్ఞాపకముండును. పుట పైభాగమున రెండు త్రిభుజములు. వాని క్రింద వరుసగా నాలుగు మాటలు: దత్తాంశము, సారాంశము, నిర్మాణము, ఉపపత్తి. ఒక త్రిభుజమునందలి రెండు భుజములును, ఆ రెండింటి నడుమనున్న కోణమును మరియొక త్రిభుజమునందలి వానికి సమానములైనచో ఆ త్రిభుజములు సర్వసమానములని విద్యార్థి వ్రాయును. ప్రక్కన 'భు.కో.భు.' అని మూడక్షరములు చేర్చును. మార్కులు వచ్చును. అంతటితో ఆ విషయము ముగియును.

కాని ఆ పుటలోని మాటలకు ఊరును పేరును ఉన్నవి. 'ఉపపత్తి' అను మాటను భాస్కరాచార్యుడు 12వ శతాబ్దిలో ఈ అర్థముననే వాడినాడు. 'రేఖాగణితము' అను పేరు 18వ శతాబ్దిలో జయసింహ మహారాజు ఆస్థానమున సంస్కృతములో వ్రాయబడిన ఒక గ్రంథమునకు ఉండినది. ఇక ఆ మూడక్షరముల వెనుకనున్న సిద్ధాంతము క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరమున యూక్లిడ్ కూర్చిన గ్రంథమునుండి వచ్చినది. ఒకరినొకరు ఎరుగని ముగ్గురు మనుష్యులు ఒక బాలుని పుస్తకమున ఒకే పుటలో కలిసికొనిరి. వారు అచటికి వచ్చిన త్రోవలు ఏవి? వాని నడుమ ఎవరు ఎవరికి ఋణపడిరి? ఈ ప్రశ్నలకు గర్వముతో సమాధానము చెప్పుట సులభము. చిన్నబుచ్చుకొని సమాధానము చెప్పుటయు సులభమే. రెండును విడిచి, జరిగినదానిని జరిగినట్లు చూచుటకు యత్నింతము.

మొదట యజ్ఞభూమికి పోవుదము. సోమయాగమునకు కావలసిన మహావేది చతురస్రము కాదు. దాని తూర్పు అంచు 24 ప్రక్రమములు, పడమటి అంచు 30 ప్రక్రమములు, ఆ రెండింటి నడుమ తూర్పు పడమరలుగా సాగిన నడిమి రేఖ 36 ప్రక్రమములు. తూర్పు మూలలకు అంసములని, అనగా భుజములని పేరు; పడమటి మూలలకు శ్రోణులని పేరు. వేదిని పడుకొనియున్న శరీరముగా భావించి పెట్టిన పేర్లివి. ఈ వేది వైశాల్యము 972 అని ఆపస్తంబుని శుల్బసూత్రము చెప్పుచున్నది. వేయికి ఇరువదియెనిమిది తక్కువ. అంతటితో ఊరకుండక, ఆ లెక్క ఎట్లు వచ్చినదో కూడ చెప్పుచున్నది. తెలుగునాట వైదిక కుటుంబములలో ఆపస్తంబ సూత్రులు అధికసంఖ్యాకులు. ప్రవర చెప్పునపుడెల్ల ఆ పేరును ఉచ్చరించువారు కలరు. ఆ పేరిటి గ్రంథములో త్రిభుజమును గూర్చిన ఇంత చక్కని యుక్తి కలదని వారిలో ఎరిగినవారు కొలదిమందియే.

ఆ యుక్తి ఇది. దక్షిణాంసము నుండి, అనగా ఆగ్నేయపు మూల నుండి, పడమటి అంచుపై నడిమి రేఖకు 12 ప్రక్రమముల దూరముననున్న బిందువునకు ఒక గీత తీయవలెను. తూర్పు అంచులో సగము 12, పడమటి అంచులో సగము 15. కావున ఆ గీతకు వెలుపల, దక్షిణమున, సన్నని త్రిభుజ ఖండమొకటి మిగులును. దాని పొడవు 36, వెడల్పు 3. ఆ ఖండమును కోసి, తలక్రిందులుగా త్రిప్పి, ఉత్తరపు ప్రక్కన చేర్చవలెను. అపుడు వేది దీర్ఘచతురస్రమగును. ఒక భుజము 36, రెండవది 27. రెండింటిని గుణించినచో 972.

ఇందు సూత్రకారుడు చేసినదేమి? ఒక త్రిభుజమును తీసికొనిపోయి మరియొక త్రిభుజము ఉండవలసిన చోట ఉంచినాడు. అది అచట అమరునని ఆయనకు సందేహము లేదు. మనము సందేహించినచో కారణమును చూపవచ్చును. ఉత్తరపు ప్రక్కన ఖాళీగా నున్న మూలలో ఒక భుజము 36, మరియొకటి 3, నడుమనున్నది లంబకోణము. కోసిన ఖండమునందును అంతే. రెండు భుజములు, వాని నడుమ కోణము! నేటి విద్యార్థి వ్రాయు మూడక్షరములే. సూత్రకారుడు వానిని వ్రాయలేదు. త్రాడు పట్టి, మేకులు నాటి, భూమిపై పనిచేయువారికి అది వ్రాయవలసిన విషయముగా తోచలేదు. ఖండమును త్రిప్పి పెట్టుము, అమరును. అమరినది కన్నులకు కనబడుచున్నది. అయినను వైశాల్యమును ఊరక ప్రకటింపక, దానికి హేతువును చూపవలెనను తలంపు ఆయనకు కలిగినది. ఈ తలంపే ముఖ్యము.

గ్రీకు దేశమునందును ఈ విషయము భూమిపైననే, కాదు, సముద్రతీరముననే మొదలైనట్లు చెప్పుదురు. ఒక భుజము, దాని రెండు కొనలయందలి కోణములు తెలిసినచో త్రిభుజము నిశ్చితమగునను సిద్ధాంతమును మిలేటస్ నగరవాసి థేలీస్ ఎరిగియుండెనని, సముద్రముపై ఓడ ఎంత దూరమున నున్నదో తెలిసికొనుటకు అది ఆయనకు అవసరమై యుండెనని యూడీమస్ అను పూర్వ చరిత్రకారుని మాటగా ప్రోక్లస్ వ్రాసినాడు. ఓడవరకు త్రాడు పట్టి కొలువలేము. కాని అదే భుజమును, అవే కోణములును గల త్రిభుజమును ఒడ్డున నేలపై గీసికొనవచ్చును; నేలపై త్రిభుజమును కొలిచినచో నీటిపై త్రిభుజమును కొలిచినట్లే. సర్వసమానత యొక్క ప్రయోజనమంతయు ఈ కథలో కలదు. చేతికి అందనిదానికి బదులుగా చేతికి అందినదానిని నిలుపవచ్చునను ధైర్యమును ఈ సిద్ధాంతము ఇచ్చుచున్నది.

యూక్లిడ్ ఈ విషయమును తన మొదటి అధ్యాయములో మూడు చోట్ల చెప్పినాడు: నాల్గవ ప్రతిపాదనలో రెండు భుజములు, నడిమి కోణము, ఎనిమిదవదానిలో మూడు భుజములు, ఇరువదియారవదానిలో రెండు కోణములు, ఒక భుజము. నాల్గవది అన్నిటికి పునాది. దాని ఉపపత్తి ఇట్లు సాగును. మొదటి త్రిభుజమును ఎత్తి రెండవదానిపై పెట్టుము. శీర్షముపై శీర్షము, భుజముపై భుజము పడునట్లు ఉంచుము. ఆ భుజములు సమానములు గనుక వాని చివరి బిందువులు కలియును. కోణములు సమానములు గనుక రెండవ భుజము రెండవ భుజముపై పడును. అదియు సమానమే గనుక దాని చివరయు కలియును. భూమి యొక్క రెండు కొనలును కలిసినవి. ఇక భూములు కలియక తప్పదు. ఏలయనగా రెండు సరళరేఖలు తమ నడుమ చోటును బంధింపజాలవు.

కోణము నడుమనే ఎందుకు ఉండవలెనని విద్యార్థి అడుగవచ్చును, అడుగుట మంచిది. ఒక రేఖపై ఏటవాలుగా ఒక కర్రను స్థిరముగా నిలిపి, దాని పైకొన నుండి మరియొక పొట్టి కర్రను వ్రేలాడదీసినచో, ఊగునపుడు ఆ రెండవ కర్ర క్రింది రేఖను రెండు చోట్ల తాకవచ్చును. భుజములు అవే, క్రింది కోణము అదే. త్రిభుజములు మాత్రము రెండు. కోణము రెండు భుజముల నడుమ లేనపుడు ఈ చిక్కు కలుగును. విద్యార్థులు కంఠస్థము చేయు నియమము వెనుక ఇట్టి కారణమున్నది. కర్రలు చేతికిచ్చి చూపినచో కంఠస్థము చేయనక్కరలేదు.

యూక్లిడ్ చేసినదియు ఎత్తి పెట్టుటయే గదా! ఆపస్తంబుడు ఖండమును ఉత్తరమునకు కొనిపోయినాడు. యూక్లిడ్ త్రిభుజముపై త్రిభుజమును ఉంచినాడు. అయితే వారి నడుమ ఒక భేదమున్నది. యూక్లిడ్ త్రిభుజములు మట్టిపైనివి కావు, మనస్సులోనివి. మనస్సులోని ఆకృతిని ఎత్తుట ఎట్లు? ఎత్తినపుడు అది మారదని హామీ ఎవరు ఇత్తురు? యూక్లిడ్‌కే ఇది కొంత కష్టముగా తోచినట్లున్నది. ఆయన ఈ పద్ధతిని అతి తక్కువ చోట్ల మాత్రమే వాడి, ఇతర మార్గము దొరికిన చోటనెల్ల దానిని విడిచినాడు. ఇరువదియారవ ప్రతిపాదనలో త్రిభుజమును ఎత్తనేలేదు. పారశీక కవిగా లోకమెరిగిన ఉమర్ ఖయ్యాము గొప్ప గణితజ్ఞుడు కూడ. సమాంతర రేఖలను గూర్చిన యుక్తిలో తన పూర్వుడొకడు చలనమును ప్రవేశపెట్టినందుకు 1077లో ఆక్షేపించినాడు. 1557లో ఫ్రాన్సు దేశమున పెలెతియే యూక్లిడ్‌పైననే ఈ ఆక్షేపణ చేసినాడు: ఒకదానిపై నొకటి పెట్టి చూచుటయే ఉపపత్తి యైనచో రేఖాగణితములో ఇక నిరూపింపవలసినదేమి మిగులునని ఆయన భావము.

ఇప్పుడు మన దేశమునకు మరలుదము. భారతీయులకు సూత్రములు తెలియును గాని ఉపపత్తులు తెలియవని 19వ శతాబ్దపు పాశ్చాత్య చరిత్రకారులు కొందరు వ్రాసిరి. ఈ మాట నిలువదు. భాస్కరాచార్యుడు బీజగణితమున ఒక ప్రశ్న వేయుచున్నాడు: భుజము 15, కోటి 20 అయిన క్షేత్రమున కర్ణమెంత? అచ్చట ఆగక, రూఢమైయున్న ఈ లెక్కకు ఉపపత్తిని కూడ చెప్పుమని అడుగుచున్నాడు. సమాధానమునకు అట్టి త్రిభుజములను నాలుగింటిని కర్ణములు వెలుపలికి వచ్చునట్లు ఒక చతురస్రముగా అమర్చవలెను. నడుమ చిన్న చతురస్రము మిగులును. దాని భుజము, 20కి 15కి గల భేదము, అనగా 5. ఒక్కొక్క త్రిభుజపు వైశాల్యము 150, నాలుగింటికి 600. నడిమిది 25. మొత్తము 625. కర్ణము 25. నాలుగు త్రిభుజములు పరస్పరము సమానములనుటయే ఈ యుక్తికి ప్రాణము. కేరళమున 1530 ప్రాంతమున జ్యేష్ఠదేవుడు మలయాళములో వ్రాసిన యుక్తిభాషయందు ఇదే సిద్ధాంతమునకు మరియొక యుక్తి కలదు. రెండు చతురస్రములను ప్రక్కప్రక్కన నిలిపి, ఖండములను కోసి త్రిప్పి మూడవ చతురస్రమును చేయుదురు. అదియు మహావేది మార్గమే: కోయుట, త్రిప్పుట, చేర్చుట.

భాస్కరుని లీలావతి (1150)లో ఇంకను సూక్ష్మమైన మాట ఒకటి కలదు. నాలుగు భుజములు మాత్రమే చెప్పి చతుర్భుజ వైశాల్యమును అడుగువానిని ఆయన పిశాచమనినాడు. సమాధానము చెప్ప బూనువాడు అంతకంటె పిశాచమనినాడు. లంబమో కర్ణమో తెలియనిదే చతుర్భుజమునకు నిలుకడ లేదు. మూడు కర్రలను కొనలయందు కట్టినచో కదలవు. నాలుగు కర్రలను కట్టినచో ఇటునటు ఒరిగిపోవును. తలుపు చట్రము ఒరుగకుండ వడ్రంగి మూలనుండి మూలకు ఏటవాలు కర్ర కొట్టుట ఇందువలననే. మూడు భుజములు తెలిసినచో త్రిభుజము ఒక్కటియే అను సిద్ధాంతమును భాస్కరుడు ప్రతిపాదనగా వ్రాయలేదు. కాని దాని సత్యము ఎరుగని వాడు ఆ పరిహాసమాడజాలడు.

అయితే ఒక భేదమును ఒప్పుకొనవలెను. మన ఉపపత్తులు వేర్వేరు దీపముల వంటివి; ఒక్కొక్కటి తన చుట్టునున్న చోటును వెలిగించును. ఏ మాట ముందు, ఏది తరువాత, దేనిని ఒప్పుకొని దేనిని నిరూపింపవలెనని మొదటినుండి చివరవరకు ఒకే గొలుసుగా కూర్చుట మన వారు చేపట్టిన పని కాదు. రెండు రేఖల నడుమ కోణమును స్వతంత్రముగా ఒక రాశిగా తలంచి, దానిపై సిద్ధాంతములు కట్టుటయు మన పూర్వ గణితమున కనబడదు. ఇవి యూక్లిడ్ గ్రంథముతో వచ్చినవి.

ఆ గ్రంథము వచ్చిన త్రోవ పొడవైనది. బాగ్దాదు నగరమున హారూన్ అల్ రషీద్ కాలమున అది అరబ్బీలోనికి పరివర్తింపబడినది. అరబ్బీనుండియే 12వ శతాబ్దిలో లాటిన్ భాషకు పోయినది. 1030 ప్రాంతమున భారతదేశమును గూర్చి వ్రాసిన అల్బెరూనీ, యూక్లిడ్ గ్రంథమును హిందువులకొరకు సంస్కృత శ్లోకములలోనికి తెచ్చుచున్నానని చెప్పుకొనినాడు. ఆ అనువాదము నేడు దొరకుట లేదు. 1248లో నసీరుద్దీన్ తూసీ యూక్లిడ్ గ్రంథమును అరబ్బీలో చక్కగా సంస్కరించినాడు. దానిని ఆధారముగా గొని 18వ శతాబ్దపు తొలి పాదమున జగన్నాథ సమ్రాట్టు సంస్కృతమున రేఖాగణితమును వ్రాసెను. అల్బెరూనీ కోరిక తీరుటకు ఏడు వందల ఏండ్లు పట్టినది.

జగన్నాథుని ప్రభువు సవాయి జయసింహుడు (1688–1743). జయపురమును నిర్మించినవాడు, ఢిల్లీ, జయపురము, ఉజ్జయిని, కాశి, మథురలలో వేధశాలలు కట్టించినవాడు. గ్రహములను కన్నులార చూచి లెక్కలను సరిదిద్దవలెనను పట్టుదల ఆయనది. అందుకు ఏ భాషలో ఏ గ్రంథము అవసరమైనను తెప్పించెను. సంస్కృత పండితుడు అరబ్బీ గ్రంథము ముందు విద్యార్థిగా కూర్చుండుట ఆ ఆస్థానమున చిన్నతనమని ఎవరును తలంపలేదు.

జగన్నాథుని గ్రంథమున పదునైదు అధ్యాయములు, 478 ప్రతిపాదనలు. ప్రతిపాదనకు ఆయన పెట్టిన పేరు 'శకలము'. అరబ్బీలో 'షక్ల్' అనగా ఆకృతి. సంస్కృతమున శకలమనగా ముక్క. విదేశపు మాట ధ్వని చెడకుండ స్వదేశపు వేషము వేసికొనినది. త్రిభుజపు మూలలకు అ, క, చ అని గాక అ, బ, జ అని పేర్లు. ఇది అరబ్బీ అక్షరముల పాత వరుస. బింబమును చూచువాడు నాగరి లిపిలో అరబ్బీ వర్ణక్రమమును చదువుచున్నాడు. మొదటి అధ్యాయపు నాల్గవ శకలమున అబజ త్రిభుజము మరియొక త్రిభుజముపై వచ్చి నిలిచినపుడు, గ్రీకు యుక్తి అరబ్బీ అక్షరములతో సంస్కృత వాక్యమున నడిచినది.

ఇక ఒక ఇబ్బందియైన విషయము. గ్రంథారంభ శ్లోకములలో జగన్నాథుడు ఈ శాస్త్రమును బ్రహ్మ విశ్వకర్మకు ఉపదేశించెనని, పరంపరగా భూమికి వచ్చి విచ్ఛిన్నమయ్యెనని, జయసింహుని ఆజ్ఞచే తాను మరల ప్రకాశింపజేసితినని చెప్పినాడు. యూక్లిడ్ అచట లేడు, తూసీ లేడు. ఈ శ్లోకములను పట్టుకొని రేఖాగణితమంతయు మొదట మనదేయని వాదించువారు ఒక వైపు. జగన్నాథుడు అపహరించెనని నిందించువారు మరియొక వైపు. ఇరువురును ఆయన రెండవ గ్రంథమును చూడవలెను. టాలమీ జ్యోతిష గ్రంథమును సంస్కృతీకరించినపుడు, అరబ్బీ భాషలో మిజాస్తీ అను గ్రంథము కలదని, గణకులకు సుబోధమగుటకై దానిని గీర్వాణభాషలో వెల్లడించితినని ఆయనయే స్పష్టముగా చెప్పినాడు. దాచవలెనని తలంచినవాడు ఇట్లు చెప్పడు. శాస్త్రమును దేవతలనుండి ఆరంభించుట మన గ్రంథకర్తల అలవాటు. విశ్వకర్మ పేరు చెప్పనిదే ఆ విద్య పండితసభలో కూర్చుండజాలదని ఆయన భావించి యుండవచ్చును. క్రొత్త కోడలికి గోత్రము చెప్పి గృహప్రవేశము చేయించినట్లు చేసినాడు. ఆయన ఉద్దేశమును మనము అర్థము చేసికొనవచ్చును. కాని ఆయన శ్లోకమును చరిత్రగా బోధింపరాదు. యూక్లిడ్‌కు, తూసీకి చెల్లవలసిన ఋణమును చెల్లించిన పిమ్మట కూడ జగన్నాథునికి మిగులు కీర్తి తక్కువ కాదు. ఇతరులు నిర్మించిన ఒక పూర్ణశాస్త్రమును తన భాషలో నిలుపుటకు కావలసిన మాటలన్నిటిని సమకూర్చి, వాక్యములను ఒరపు పోకుండ నడిపినవాడు ఆయన. అనువాదమున ఎంత శ్రమ కలదో అనువాదకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

విచిత్రమేమనగా, జగన్నాథుని రేఖాగణితము బొంబాయి సంస్కృత గ్రంథమాలలో రెండు సంపుటములుగా అచ్చైనది 1901, 1902 సంవత్సరములలో. ఆపస్తంబ శుల్బసూత్రమును జర్మను పండితుడు ఆల్బర్ట్ బ్యుర్క్ తన భాషానువాదముతో ప్రకటించినదియు సరిగా ఆ రెండు సంవత్సరములలోనే. భారతదేశము గ్రీకుల గణితమును తన ప్రాచీన భాషలో అచ్చు వేసికొనుచుండగా, యూరపు ఖండము యజ్ఞవేది గణితమును తన భాషలో అచ్చు వేసికొనుచుండెను. ఒకరి వస్తువు ఒకరి చేతికి వచ్చినది.

అంతకు కొలది కాలము ముందు, 1899లో, జర్మను గణితాచార్యుడు డేవిడ్ హిల్బర్ట్ రేఖాగణితపు పునాదులను గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. త్రిభుజముపై త్రిభుజమును పెట్టుటను గూర్చిన పాత వివాదమును ఆయన తీర్చినాడు. రెండు భుజములు, నడిమి కోణము అను నియమమును తక్కిన స్వీకృతములనుండి రాబట్టుట సాధ్యము కాదని చూపినాడు. కావున అందలి సారమును స్వీకృతముగానే పెట్టుకొనినాడు. అనగా, ఇరువది శతాబ్దులకు పైగా ఉపపత్తి అనుకొనినది నిజమునకు ఒక ఒప్పందము. వస్తువును ఒక చోటినుండి మరియొక చోటికి కొనిపోయినను దాని రూపము మారదను మన నమ్మకమే ఆ ఒప్పందము. యజ్ఞభూమిలో ఖండమును త్రిప్పి పెట్టినవాని నమ్మకము అదే. ఆయన దానిని చెప్పలేదు. యూక్లిడ్ దానిని నిరూపింప బూనినాడు. హిల్బర్ట్ అది నిరూపింపదగినది కాదని, అడిగి తీసికొనవలసినదని తెలిసికొనినాడు. ఈ ముగ్గురిలో ఎవరు ముందు, ఎవరు గొప్ప అను విచారముకంటె, ఒకే కార్యమునందలి మౌనము మాటగా, మాట ప్రశ్నగా, ప్రశ్న తెలివిగా మారిన క్రమము మనకు ఎక్కువ నేర్పును.

కావున పాఠశాలలో బాలుడు 'భు.కో.భు.' అని వ్రాసినపుడు ఉపాధ్యాయుడు ఒక్క నిమిషము ఆగిన బాగుండును. రెండు కాగితపు త్రిభుజములను కోయించి, ఒకదానిపై నొకటి పెట్టించి, ఇవి ఎందుకు అమరినవని అడుగవలెను. "కనబడుచున్నది గదా!" అని బాలుడనును. ఆ మాట తప్పు కాదు. మహావేది వద్ద నిలిచినవారు చెప్పగలిగియుండినదియు అదే. కాని కనబడుచున్నదను మాటకు తరువాత ఇంకొక మాట ఉన్నది. దానిని వెదకుచు పోయినవారు అలెగ్జాండ్రియాలోను, బాగ్దాదులోను, జయపురములోను, కేరళములోను ఉండిరి. ఆ బాలుని పుస్తకములోని పుట వారందరి ఉమ్మడి ఆస్తి. అతడు దానిని అనుభవించుటకు ఎవరి ఋణమును కప్పిపుచ్చ నక్కరలేదు.